అడవిలో కెమెరాకు హద్దులు

ఒకనాడు వేట రాజుల వినోదం. చంపిన పులి పక్కన తుపాకి పట్టుకొని నిలుచున్న జమీందారుల, దొరల ఛాయాచిత్రాలు పాత దివాణాలలో నేటికీ కనిపిస్తుంటాయి. ఆ పటాల వెనుక తుపాకి, కెమెరా రెండూ ఉన్నాయి. ఒకటి ప్రాణం తీసింది. మరొకటి ఆ ఘనకార్యాన్ని లోకానికి చాటింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత తుపాకికి అడవి తలుపులు మూసుకుపోయాయి. కెమెరాకు మాత్రం తెరచుకొనే ఉన్నాయి. నేడు ఏ జాతీయ ఉద్యానవనం ముంగిట చూసినా తెల్లవారకముందే బారులు తీరిన జీపులు, వాటిలో కెమెరాలు, సెల్‌ఫోన్లు పట్టుకొన్న యాత్రికులు కనిపిస్తారు. అడవిలో ఛాయాచిత్రాలు, చలనచిత్రాలు తీయడానికి నియమాలు ఉండాలా? ఉంటే అవి ఎవరిని కాపాడాలి? ఈ ప్రశ్నలు పైకి చిన్నవిగా కనిపించినా, అడవి ఎవరిది అన్న పెద్ద ప్రశ్నతో ముడిపడి ఉన్నాయి.

కెమెరాను శత్రువుగా భావించడం చరిత్రకు అన్యాయం చేయడమే అవుతుంది. బ్రిటిషు పాలనాకాలంలో సంయుక్త రాష్ట్రాలలో అటవీ అధికారిగా పనిచేసిన ఎఫ్.డబ్ల్యు. చాంపియన్ తుపాకిని వదలి కెమెరాను చేపట్టాడు. పులులు నడిచే దారులలో తీగలు అమర్చి, వాటిపై అడుగు పడగానే కెమెరా దానంతటదే పనిచేసే విధంగా ఏర్పాటు చేశాడు. ఆ చిత్రాలతో 1927లో అతడు ప్రచురించిన గ్రంథం, పులిని చంపకుండానే దాని వైభవాన్ని లోకానికి చూపవచ్చునని నిరూపించింది. నరమాంస భక్షకులైన పులుల వేటగాడుగా పేరుపొందిన జిమ్ కార్బెట్ కూడా తరువాతి కాలంలో పులులను చలనచిత్రాలుగా తీయడంపై మక్కువ చూపాడు. 1936లో ఏర్పడిన భారతదేశపు తొలి జాతీయ ఉద్యానవనం నేడు ఆయన పేరుతోనే ప్రసిద్ధి పొందింది. వేటగాళ్ళను సంరక్షకులుగా మార్చిన సాధనాలలో కెమెరా ఒకటి.

తెలుగునేల మీద కూడా కెమెరా చేసిన మేలుకు నిదర్శనం ఉంది. కడప జిల్లా పొదల అడవులలో కలివికోడి అనే అరుదైన పక్షి ఉంది. 1848లో జెర్డన్ అనే ఆంగ్లేయ వైద్యుడు దానిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1900 తరువాత అది ఎవరికీ కనబడలేదు. అంతరించిపోయిందనే అందరూ భావించారు. 1986లో సిద్ధవటం ప్రాంతంలోని రెడ్డిపల్లి సమీపాన స్థానికుల సహాయంతో శాస్త్రజ్ఞులు దానిని తిరిగి కనుగొన్నారు. పగలు పొదలలో దాగి, రాత్రివేళ మాత్రమే తిరిగే ఆ పక్షిని వెంటపడి చూడడం దుస్సాధ్యం. అందుచేత దాని అడుగుజాడలను పట్టి ఇచ్చే మెత్తని మట్టిపట్టీలను, మనిషి లేకుండానే పనిచేసే కెమెరాలను పరిశోధకులు ఉపయోగించారు. ఆ విధంగా సేకరించిన ఆధారాలు దాని ఆవాసాన్ని కాపాడడానికి, తెలుగుగంగ కాలువ మార్గాన్ని మార్చడానికి తోడ్పడ్డాయి. ఒక పక్షి ఉనికికి సాక్ష్యం లేకపోతే దాని పక్షాన వాదించడానికి ఆధారం ఉండదు. ఆ సాక్ష్యాన్ని కెమెరా అందించింది.

దేశంలోని పులుల లెక్కింపు నేడు ప్రధానంగా కెమెరాల మీదనే ఆధారపడి ఉంది. 2018 నాటి గణనలో 26,838 చోట్ల కెమెరాలను అమర్చారు. అవి తీసిన సుమారు 3 కోట్ల 48 లక్షల చిత్రాలలో 76,651 పులులవి, 51,777 చిరుతపులులవి. ప్రపంచంలో కెమెరాలతో జరిపిన అతి పెద్ద వన్యప్రాణి పరిశీలనగా ఇది గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. పులి ఒంటిమీది చారలు మనిషి వేలిముద్రల వలె ఒకదానికొకటి భిన్నంగా ఉంటాయి కనుక చిత్రాన్ని చూసి ఏ పులి ఏదో చెప్పగలుగుతున్నారు. నల్లమలలోని నాగార్జునసాగర్–శ్రీశైలం, అమ్రాబాద్ పులుల అభయారణ్యాలలోనూ పులుల లెక్క ఈ పద్ధతిలోనే తేలుతుంది.

ఇంత మేలు చేసిన సాధనానికి హద్దులెందుకని కొందరు అడుగుతారు. చెట్టుకు కట్టిన కెమెరాకు ఆశ లేదు, ఆత్రం లేదు. అది దగ్గరకు జరగదు. పులి తల ఇటు తిప్పేవరకు ఈల వేయదు. మనిషి చేతిలోని కెమెరా అటువంటిది కాదు. దాని వెనుక మంచి చిత్రం కావాలనే తపన ఉంటుంది, ఇతరుల కంటె ముందు కావాలనే పోటీ ఉంటుంది. ఇటీవలి కాలంలో పదిమందికి వెంటనే చూపించి మెప్పు పొందాలనే తొందర కూడా తోడయింది. ఒక్కొక్కరుగా చూస్తే ఎవరి తప్పూ పెద్దది కాదు. ఒక జీపు నాలుగు అడుగులు ముందుకు జరుగుతుంది. దాని వెనుక జీపు మరో నాలుగు అడుగులు జరుగుతుంది. కొద్దిసేపటిలో దారి మూసుకుపోతుంది.

మహారాష్ట్రలోని ఉమ్రేడ్–పవనీ–కర్హాండ్లా అభయారణ్యంలో 2024 డిసెంబరు 31న జరిగింది ఇదే. పిల్లలతో దారి దాటుతున్న ఒక ఆడపులిని సఫారీ వాహనాలు రెండువైపుల నుండి చుట్టుముట్టాయి. ఆ దృశ్యాన్ని అక్కడివారే చిత్రీకరించారు. అది దేశమంతటా వ్యాపించింది. బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం ఆ విషయాన్ని తనంతట తానుగా విచారణకు స్వీకరించింది. నేరం చేసిన సాధనమూ, నేరాన్ని బయటపెట్టిన సాధనమూ ఒకటే కావడం ఈ సంఘటనలోని విచిత్రం. ఆ తల్లికీ పిల్లలకూ మధ్య వాహనాలు నిలిచిన ఆ కొద్ది నిమిషాల విలువ ఏ చిత్రంలోనూ కనబడదు. పిల్లలు చెదరిపోతే తల్లి వాటిని వెదుక్కోవాలి. వేట చెడితే ఆ పూట పస్తు ఉండాలి.

పెద్ద జంతువులకు జరిగే హాని కనీసం కంటికి కనిపిస్తుంది. పక్షులకు జరిగేది కనిపించదు. గూటిలోని పిల్లలు చిత్రంలో స్పష్టంగా పడాలని అడ్డువచ్చిన కొమ్మలను తొలగించేవారు ఉన్నారు. ఆ కొమ్మలే ఎండ నుండి, డేగ నుండి ఆ పిల్లలను కాపాడుతుంటాయి. పక్షి కూతను ముందుగా ముద్రించుకొని, దానిని వినిపించి పక్షిని రప్పించేవారు ఉన్నారు. తన హద్దులోకి మరో పక్షి వచ్చిందనుకొని అది గూడు వదలి పోరాటానికి వస్తుంది. మేత వెదకవలసిన కాలం, గుడ్లు పొదగవలసిన కాలం ఆ విధంగా వృథా అవుతుంది. అమెరికాలోని కాలిఫోర్నియా తీరంలో 2021 మే నెలలో ఒక సంరక్షిత ప్రాంతంలో డ్రోన్ కూలిపోగా, బెదిరిన టెర్న్ జాతి సముద్రపక్షులు సుమారు 1,500 గుడ్లను వదలి వెళ్ళిపోయాయి. అవి తిరిగి రాలేదు. నేలపట్టులోని గూడకొంగల గూళ్ళు, పులికాట్ సరస్సుకు వచ్చే రాజహంసల గుంపులు తలచుకొంటే ఇటువంటి ప్రమాదం ఎంత దగ్గరగా ఉన్నదో అర్థమవుతుంది.

భారతీయ చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. 1972 నాటి చట్టంలోని 28వ విభాగం ప్రకారం వన్యప్రాణుల అధ్యయనం, ఛాయాచిత్రణం, శాస్త్ర పరిశోధన, పర్యాటకం వంటి పనులకు అభయారణ్యంలో ప్రవేశించడానికి రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతి ఇవ్వవచ్చు. 35వ విభాగం ఈ నియమాన్ని జాతీయ ఉద్యానవనాలకూ వర్తింపజేస్తుంది. 2022లో చేసిన సవరణ ద్వారా చలనచిత్ర నిర్మాణాన్ని కూడా ఇందులో స్పష్టంగా చేర్చారు. అయితే ఆవాసాన్ని మార్చకుండా, ఆవాసానికి గాని వన్యప్రాణులకు గాని కీడు కలుగకుండా ఆ పని జరగాలని షరతు విధించారు. వన్యప్రాణులను ఆటపట్టించడం, బాధించడం 27వ విభాగం క్రింద నిషిద్ధం. అన్నిటికంటె గమనింపదగినది మరొకటి ఉంది. ఈ చట్టంలో ‘వేట’ అనే పదానికి ఇచ్చిన నిర్వచనంలో అడవి పక్షుల గూళ్ళను, గుడ్లను కదిలించడం కూడా చేరి ఉంది. గూటి ముందు కొమ్మను విరిచి గుడ్లను కదిలించిన ఛాయాగ్రాహకుడు తుపాకి పట్టకపోయినా చట్టం దృష్టిలో వేటగాడే కావచ్చు.

పులుల అభయారణ్యాలకు ప్రత్యేక మార్గదర్శకాలు ఉన్నాయి. 2012లో సుప్రీంకోర్టు కేంద్ర ఆవాసాలలో పర్యాటకాన్ని కొంతకాలం నిలిపివేసింది. ఆ సందర్భంగా జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ వెలువరించిన సూత్రాల ప్రకారం వాహనాలు వన్యప్రాణులకు 20 మీటర్లకు మించిన దూరంలో ఉండాలి. వాటిని చుట్టుముట్టడం, ఎరచూపడం, వాటికి ఆహారం పెట్టడం కూడదు. పులుల కేంద్ర ఆవాసంలోని పర్యాటక మండలాలలో సెల్‌ఫోన్ల వాడకాన్ని అనుమతించరాదని 2025 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఒకచోట పులి కనబడిందన్న వార్త ఫోను ద్వారా క్షణంలో పాకి, అన్ని జీపులూ అక్కడికే పరుగెత్తుతున్న పరిస్థితిని గమనిస్తే ఆ ఆదేశం వెనుక గల కారణం బోధపడుతుంది.

చలనచిత్ర నిర్మాణం సంగతి మరింత తీవ్రమైనది. ఒంటరి ఛాయాగ్రాహకుడు అడవిని తన కంటితో చూస్తాడు. చిత్ర బృందం చాలాసార్లు అడవిని తన కథకు అనుగుణంగా మార్చాలనుకొంటుంది. థాయిలాండ్‌లోని ఒక జాతీయ ఉద్యానవనంలో మాయా బే అనే సముద్రతీరం ఉంది. 1999లో ఒక హాలీవుడ్ సంస్థ అక్కడ చిత్రీకరణ జరిపింది. తీరం మరింత అందంగా కనబడాలని ఇసుకతిన్నెలను చదును చేశారు. సహజంగా పెరిగిన మొక్కలను తొలగించి కొబ్బరిచెట్లు నాటారు. స్థానికులు న్యాయస్థానానికి వెళ్ళారు. ఆ వ్యాజ్యం రెండు దశాబ్దాలకు పైగా నడచి 2022లో ముగిసింది. అంతటితో కథ ముగియలేదు. ఆ చిత్రాన్ని చూసినవారు ఆ తీరాన్ని చూడడానికి వేలాదిగా తరలివచ్చారు. వారి పడవల లంగర్లకు పగడపు దిబ్బలు విరిగిపోయాయి. చివరకు 2018 జూన్‌లో ప్రభుత్వం ఆ తీరాన్ని మూసివేసి, 2022 జనవరిలో పరిమితులతో తిరిగి తెరిచింది. మనుషులు దూరమైన ఆ కాలంలో సొరచేపలు మళ్ళీ ఆ తీరజలాలకు వచ్చాయి. కొన్ని వారాల చిత్రీకరణ ఫలితం ఇరవై ఏళ్ళకు పైగా కొనసాగిందని ఈ ఉదంతం చెబుతుంది. తూర్పుకనుమలలోని మారేడుమిల్లి వంటి అడవులు తెలుగు చలనచిత్రాలకు పరిచితమైన దృశ్యాలుగా మారిన ఈ రోజులలో దీనిని దూరదేశపు ముచ్చటగా కొట్టివేయడానికి వీలులేదు.

అయితే నియమాలను సమర్థించేవారు ఆలోచించవలసిన రెండవ పక్షం కూడా ఉంది. అడవి ప్రజలందరి ఆస్తి. ప్రజల ఆస్తిని ప్రజలు చూడకుండా, చిత్రించకుండా అడ్డుకొంటే అక్కడ ఏం జరుగుతున్నదో ఎవరికి తెలుస్తుంది? అక్రమంగా చెట్లు నరికినా, గనులు తవ్వినా, ఉద్యోగులు విధి మరచినా సాక్ష్యం ఎక్కడి నుండి వస్తుంది? 2017లో కాజీరంగా జాతీయ ఉద్యానవనంలో వేటగాళ్ళపై కాపలాదారుల కాల్పుల విధానాన్ని విమర్శిస్తూ బి.బి.సి. ఒక చిత్రాన్ని ప్రసారం చేసింది. ముందుగా సమర్పించిన సారాంశానికి, తీసిన చిత్రానికి పొంతన లేదని చెప్పి, దేశంలోని పులుల అభయారణ్యాలలో ఆ సంస్థ చిత్రీకరణ జరపకుండా ప్రాధికార సంస్థ ఐదేళ్ళు నిషేధించింది. ఆ చిత్రం చేసిన ఆరోపణలలో నిజమెంత, అతిశయోక్తి ఎంత అన్నది వేరే చర్చ. ఒంటికొమ్ము ఖడ్గమృగాన్ని కాపాడడానికి ప్రాణాలొడ్డిన కాపలాదారుల త్యాగాన్ని తక్కువ చేయడం కూడా తగదు. కాని ఏ వన్యప్రాణికి హాని జరిగిందని కాక, తెరమీద ఏమి చెప్పారన్న కారణంతో అనుమతిని నిరాకరించడం మొదలైతే, వన్యప్రాణుల కోసం పుట్టిన నియమం కార్యాలయాల రక్షణకవచంగా మారిపోతుంది.

రుసుముల విషయంలోనూ ఇటువంటి చిక్కే ఉంది. పెద్ద చిత్రసంస్థకు రుసుము భారం కాదు. కప్పల మీద, సాలెపురుగుల మీద పరిశోధన చేసే విద్యార్థికి అదే రుసుము పెద్ద అడ్డుగోడ. అమెరికాలో ఈ ప్రశ్న ఎంతో కాలం నలిగింది. జాతీయ ఉద్యానవనాలలో వ్యాపార దృష్టితో చేసే చిత్రీకరణకు అనుమతి, రుసుము తప్పనిసరి చేస్తూ 2000లో అక్కడ చట్టం వచ్చింది. డబ్బు సంపాదించే ఉద్దేశం ఉన్నదా లేదా అన్నది కొలబద్దగా మారడంతో, ఒంటరిగా చిన్న కెమెరాతో తిరిగేవాడు కూడా అనుమతుల కోసం నిలబడవలసి వచ్చింది. అది భావప్రకటన స్వేచ్ఛకు భంగమంటూ న్యాయస్థానాలలో వాదాలు జరిగాయి. చివరకు 2025 జనవరిలో వచ్చిన కొత్త చట్టం ఆ కొలబద్దను మార్చింది. చేతితో మోయగల పరికరాలతో, ప్రజలకు తెరచి ఉన్న ప్రదేశాలలో, ప్రకృతికి గాని ఇతర సందర్శకులకు గాని ఇబ్బంది కలిగించకుండా పనిచేసే చిన్న బృందాలకు సాధారణంగా అనుమతి గాని రుసుము గాని అవసరం లేదు. డ్రోన్ల విషయంలో మాత్రం 2014 నుండి అక్కడి జాతీయ ఉద్యానవనాలు విధించిన నిషేధం కఠినంగానే సాగుతున్నది.

భారతదేశపు అడవుల పరిస్థితి వేరు. ఇక్కడి ఉద్యానవనాలు విస్తీర్ణంలో చిన్నవి, వాటి చుట్టూ జనసమ్మర్దం ఎక్కువ, లోపల పులులు, ఏనుగులు ఉన్నాయి. కనుక అమెరికా చట్టాన్ని యథాతథంగా అనుకరించడం వివేకం కాదు. కాని దానిలోని మూలసూత్రం స్వీకరింపదగినది. చిత్రం తీసేవాడి సంచిలో ఎంత డబ్బుంది, అతడు అడవి గురించి మంచి చెబుతాడా చెడు చెబుతాడా అన్నవి కొలబద్దలు కాకూడదు. అతని రాక వలన అడవి మీద పడే భారమే కొలబద్ద కావాలి. ఎంతమంది వస్తున్నారు, ఏ పరికరాలు తెస్తున్నారు, ఏ ఋతువులో, ఏ ప్రదేశంలో, ఎంతసేపు ఉంటారు అన్నవే అడగవలసిన ప్రశ్నలు. గూళ్ళు కట్టే కాలంలో గూళ్ళ దగ్గరకు కోటీశ్వరుడినైనా పోనీయరాదు. ఎవరికీ అడ్డురాని కాలిబాటలో సీతాకోకచిలుకను చిత్రించే విద్యార్థిని కాగితాల చుట్టూ తిప్పరాదు.

ఈ కొలబద్దను అంగీకరిస్తే మరికొన్ని సంస్కరణలు వాటంతటవే వస్తాయి. అనుమతికి దరఖాస్తు చేసినవారికి నిర్ణీత గడువులోగా సమాధానం రావాలి. నిరాకరిస్తే కారణాన్ని వ్రాతపూర్వకంగా చెప్పాలి. ఆ కారణం వన్యప్రాణుల క్షేమానికి సంబంధించినదై ఉండాలి. నియమాలు స్థానిక భాషలో ప్రవేశద్వారం వద్దనే కనబడాలి. తప్పు జరిగినప్పుడు శిక్ష జీపు నడిపేవాడితో ఆగిపోకూడదు. ఇంకా దగ్గరకు పొమ్మని ఒత్తిడి చేసే యాత్రికుడికీ అందులో భాగం ఉంది. గైడు, డ్రైవరు దినకూలీ మీద, యాత్రికుల బహుమానం మీద బ్రతుకుతారు. పులిని దగ్గరగా చూపితేనే బహుమానం దక్కుతుందన్న పరిస్థితి ఉన్నంతకాలం వారిని మాత్రమే దండించడం న్యాయం అనిపించుకోదు.

అడవిలో వన్యప్రాణులు మాత్రమే లేవు. నల్లమలలో తరతరాలుగా చెంచులు నివసిస్తున్నారు. జంతువును చిత్రించడానికి ప్రభుత్వ అనుమతి కావాలని తెలిసిన యాత్రికుడు, చెంచు గూడెంలో తల్లీబిడ్డలను అడగకుండానే కెమెరా ఎత్తడం తరచుగా జరిగేదే. పులికి మాట రాదు కనుక దాని పక్షాన చట్టం మాట్లాడుతుంది. మాట వచ్చిన మనిషిని మాటమాత్రంగానైనా అడగకపోవడం అనాగరికం. అడవిలో చిత్రీకరణకు సంబంధించిన ఏ నియమావళి అయినా అక్కడి మనుషుల సమ్మతిని, గౌరవాన్ని మొదటి పుటలోనే చేర్చుకోవాలి.

ఎంత మంచి నియమమైనా ప్రతి చెట్టు క్రింద ఒక కాపలాదారుని నిలబెట్టలేదు. సెల్‌ఫోను చేతికి వచ్చిన నాటి నుండి ప్రతి యువకుడూ, ప్రతి యువతీ ఛాయాగ్రాహకులే. తీసిన చిత్రంలో ఆ స్థలపు వివరాలు దాగి ఉంటాయనీ, దానిని లోకానికి చూపితే అరుదైన ప్రాణి చిరునామా దొంగవేటగాడికి అందవచ్చుననీ వారు తెలుసుకోవాలి. జంతువు తల ఎత్తి తమవైపే చూస్తూ మేత మానేసిందంటే, తాము హద్దు దాటామని గ్రహించాలి. ఆ క్షణంలో చిత్రం ఎంత బాగా వచ్చేదైనా వెనుకకు జరగడమే చదువు నేర్పిన సంస్కారం.

లంకమల పొదలలో కలివికోడి ఇప్పుడు ఏ చీకటి మూల మసలుతున్నదో చెప్పగలవారు లేరు. దాని ఉనికిని లోకానికి చాటడానికి ఒకప్పుడు చిత్రం అవసరమైంది. దానిని బ్రతికించడానికి అంతకంటె ఎక్కువగా ఆ పొదలు, ఆ చీకటి, ఆ నిశ్శబ్దం అవసరం. వాటిని చెదరగొట్టి తీసిన చిత్రం ఎంత అందంగా ఉన్నా, పాత దివాణపు గోడమీది పటానికీ దానికీ తేడా లేదు. వాటిని చెదరనీయకుండా తీయగలిగినదే వన్యప్రాణి చిత్రం అనిపించుకొంటుంది. అలా తీయడం సాధ్యం కానప్పుడు కెమెరాను సంచిలో పెట్టుకొని, కనులారా చూసి తిరిగిరావడమే అడవికి చేయగల మేలు.